వద్దనే మాట ఉన్న ఆట

మేడ మీది గదిలో మంచానికి అతుక్కుపోయిన తొమ్మిదో రోజున కోదండరామ తన అక్కను ఒక సాయం అడిగాడు. అడగడానికి సిగ్గుపడ్డాడు కూడా. ముప్పై ఎనిమిదేళ్లవాడు, నూలు మిల్లు టెస్టింగ్ ల్యాబులో పదిమందికి పని చెప్పేవాడు, "అక్కా, నాకు బదులు కాస్త ఆట ఆడి పెట్టు" అని అడగాలంటే సిగ్గు కాక మరేమిటి?

బండి మీద వస్తుంటే కుక్క అడ్డం రావడంతో పడ్డాడు. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఎముకలోకి దించిన ఇనుప కమ్మీలు కాలికి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. కుడి మణికట్టుకు పిండికట్టు. పన్నెండు వారాలు కాలు నేల మీద పెట్టకూడదన్నాడు డాక్టరు. మిల్లు నుంచి నలుగురు వచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, నిటారుగా ఉన్న ఆ మెట్ల మీద అతన్ని మోసి పైకి చేర్చారు. కింది వాటాను ఆసుపత్రి కట్టుగుడ్డ ప్యాకింగ్ చేసేవాళ్లకు ఎప్పుడో బాడుగకు ఇచ్చేశారు కాబట్టి ఇల్లంటే ఇక పైదే. మళ్లీ నలుగురు దొరికేదాకా అతనికి దిగే దారి లేదు.

గదికి ఒకే కిటికీ. అందులోంచి మిల్లు ప్రహరీగోడ, గోడకు పైగా జానెడు కొండ కనిపిస్తాయి. ఆ తమిళనాటి ఊళ్లో ఆడి నెల (ఆషాఢం) గాలికి ఆ కిటికీ రెక్క పొద్దస్తమానం కొట్టుకుంటూనే ఉండేది. దాన్ని మూయాలన్నా అక్క గురువమ్మాళ్ రావాలి. నీళ్లు అందుకోవాలన్నా ఆమే రావాలి. పడుకున్నచోట పాత్ర పెట్టి తీయాలన్నా ఆమే.

గురువమ్మాళ్ అతనికన్నా ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మకు ఒంట్లో బాగాలేనప్పుడు, పది రోజులుండి పోదామని చోళపురంలోని అత్తగారింటి నుంచి సంచి పట్టుకొని వచ్చింది. అమ్మ మూడేళ్లు మంచాన ఉండి చనిపోయింది. ఆ మూడేళ్లలో చోళపురంలో ఆమె మొగుడు వేరే సంసారం పెట్టుకున్నాడు. పది రోజులకని వచ్చినామె పదకొండేళ్లుగా ఇక్కడే ఉంది. ఇక్కడ ఉండమని ఎవరూ అనలేదు, వెళ్లమనీ ఎవరూ అనలేదు. పొయ్యి ఉంది, తమ్ముడున్నాడు, రోజులు గడిచాయి.

"ఆటా? నాకేమి తెలుసురా అదంతా?" అంది ఆమె, తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ.

"తెలియనక్కర్లేదు. నేను చెప్పే బటన్ నొక్కితే సాలు. ఒక్క చేత్తో నాకు కుదరలేదు."

"సరి, చెప్పు. అన్నం ఉడికేదాకా కూర్చుంటాను."

కోదండరామకు ఉన్న వ్యసనం ఇదొక్కటే. బీడీ లేదు, సారాయి లేదు. మనమే ఒక పాత్రలో దూరి, మన నిర్ణయాలతో కథను నడిపించే రోల్ ప్లేయింగ్ ఆటలంటే ప్రాణం. అలాంటివి పంతొమ్మిది పూర్తి చేశాడు. మిల్లు క్యాంటీనులో టీ తాగేటప్పుడు తోటి ఉద్యోగి రవిచంద్రన్‌ను పట్టుకొని వాటి మంచీచెడ్డా విప్పి చెప్పేవాడు. "కత్తి పెద్దదైనంత మాత్రాన మంచి ఆట అయిపోదప్పా. టీ అమ్మేవాడు కూడా మనకోసం కాచుకొని నిలబడినట్ల ఉండగూడదు. మనం పోకపోయినా వాని అంగడి వాడు తెరవాల. మనం ఒక మాటంటే ఊరు దాన్ని గుర్తుపెట్టుకోవాల. ఏది నొక్కినా ఒకే చోటికి పోయి చేరేటట్టయితే అది ఆట కాదు, సినిమా" అనేవాడు. రవిచంద్రన్ తల ఊపి, టీ అయిపోగానే లేచిపోయేవాడు.

ఇప్పుడు ల్యాపుటాపులో ఉన్న ఆట పేరు 'గ్రే ఫెర్రీ'. ఒక పెద్ద నది, దానికి రెండు ఒడ్లు, రెండు ఒడ్లకూ యుద్ధం. నడుమ ఒక పడవవాడు. ఆ పడవవాడే మనం. ఈ ఆటను కోదండరామ అప్పటికే మూడుసార్లు పూర్తి చేశాడు. మూడుసార్లూ సేనాపతి పక్షం చేరి వెండి కవచం గెలుచుకున్నాడు.

మొదటి వారం గురువమ్మాళ్ అతనికి ఉత్త చేయి మాత్రమే. "ఎడమకు పో. ఆగు. రెండు నొక్కు" అంటే నొక్కేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక రెండు గంటల నుంచి నాలుగు దాకా మంచం పక్కన ముక్కాలిపీట వేసుకొని కూర్చునేది. తెర మీద వచ్చే ఇంగ్లీషు మాటలను అతను ఇంట్లో మాట్లాడే తెలుగులోకి మార్చి చదివేవాడు. ముఖ్యమైన మాట వచ్చే ముందు ఎప్పుడూ ఆపించేవాడు. "ఆగక్కా, సేవ్ చెయ్యి. ఫలితం బాగా రాకపోతే వెనక్కి వచ్చి ఇంకొకటి నొక్కుదాం."

"వెనక్కి వస్తే, ముందు చెప్పిన మాట?"

"అది జరగనట్టే."

ఆమె నవ్వింది. "బాగుండాది నీ కత."

రెండో వారం నుంచి ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. రేవులో కూర్చున్న ముసలామె ఎందుకు ఏడుస్తోంది? ఆ చేపలమ్మి ఇవాళ కనబడలేదేమి? కోదండరామకు జవాబులు తెలియవు. అతను ఎప్పుడూ వాళ్లను దాటుకొని పోయినవాడే.

ఒకరోజు ఆటలో సేనాపతి రేవుకు వచ్చాడు. పొద్దు పొడిచేలోగా నా యాభైమందిని అవతలి ఒడ్డుకు చేర్చు అన్నాడు. అక్కడ ఏం చేస్తారో సైనికుల చేతుల్లోని దివిటీలే చెబుతున్నాయి. తెర మీద మూడు జవాబులు వచ్చాయి. చేరుస్తాను. ఏమిస్తావు? చేర్చను.

"రెండు నొక్కు" అన్నాడు కోదండరామ.

ఆమె మూడు నొక్కింది.

"అయ్యో! ఏమి చేసినావక్కా? ఇక కవచం రాదు, కోట అధ్యాయమే రాదు! ఆగు, ఆగు, వెనక్కి పో."

గురువమ్మాళ్ రెండు చేతులూ తీసి ఒడిలో పెట్టుకుంది. "పోను."

"ఏమంటావు?"

"వద్దనే మాట అందులో ఉండాదా లేదా? ఉండేటప్పుడు చెప్పగూడదా? చెప్పినాను. ఇక ఏమి జరుగుతాదో జరగనీ."

అతను ఎడమ మోచేతి మీద లేవబోయాడు. కాలిలోని కమ్మీలు లోపలికి పొడిచినట్టయి మళ్లీ దిండు మీద పడ్డాడు. ల్యాపుటాపు జానెడు దూరంలోనే ఉన్నా చేయి అందలేదు. కోపంతో గోడ వైపు మొహం తిప్పుకొన్నాడు. ఆమె లేచి వెళ్లి సాయంత్రం కాఫీ తెచ్చింది, ఏమీ జరగనట్టే.

మర్నాడు, వేరే దారి లేక, ఆమె దారినే ఆడనిచ్చాడు. సేనాపతి సైనికులు పడవను తగలబెట్టారు. పడవవాడికి పడవ లేకుండా పోయింది. కోదండరామ ఇక ఆట అయిపోయిందనుకున్నాడు. అయిపోలేదు. రేవులో ఏడ్చే ముసలామె పడవవాడిని పిలిచి తన కొడుకు గొడ్డలి చేతికిచ్చింది. చేపలమ్మి పడవకు పనికొచ్చే చెట్టు ఎక్కడ దొరుకుతుందో చూపించింది. మూడుసార్లు ఆడినా కోదండరామ కంటపడని ఒక పల్లె, ఒక పాట, పడవలు కట్టే ఒక గుడ్డివాడు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటిగా బయటికొచ్చాయి. ఆమె ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి అన్ని మాటలూ చదివించుకునేది. చదివి చదివి అతని గొంతు ఎండిపోయేది. కిటికీ రెక్క కొట్టుకోవడం ఆ రెండు గంటలూ అతనికి వినబడలేదు.

"ఇట్ల ఉంటాదని నాకు తెలియదక్కా" అన్నాడొకరోజు, చిన్నపిల్లవాడిలా. "ఇదే మంచి ఆట. వద్దన్నా దోవ ఉండాల."

ఆమె అవునని తల ఊపి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

ఐదో వారంలో ఒక బుధవారం. గురువమ్మాళ్ రేషన్ అంగడికి వెళ్లింది. ప్లగ్గు మంచం పక్కనే ఉండటంతో ఆమె ఫోను అక్కడే చార్జింగులో ఉంది. అది మోగింది. కోదండరామ ఎడమ చేత్తో తీశాడు.

తళవాయిపురం నుంచి సెల్వి. గురువమ్మాళ్‌తో స్కూల్లో చదువుకున్నామె. అక్కడ ఇరవై మిషన్లతో నైటీలు కుట్టించే యూనిట్ నడుపుతోంది.

"రామా, కాలు ఎట్ల ఉండాది? సరి, విను. నా దగ్గర కటింగ్ చూసుకొనే ఆమె కాన్పుకు పోతా ఉండాది, తిరిగి రాదు. మీ యక్క రెండు నెలల ముందే నన్ను అడిగింది, ఏదన్నా వేలై ఉంటే చెప్పమని. వెనక రూము కూడా ఉండాది, కావాలంటే ఉండొచ్చు. శనివారం లోపల పోన్ చెయ్యమను. లేకుంటే వేరే ఆళును పెట్టాల."

"చెప్తానక్కా" అన్నాడు.

ఫోను పెట్టేశాడు. అక్క పని అడిగిందా? రెండు నెలల ముందా? అంటే అతను పడక ముందే. ఒక్క మాట కూడా తనతో అనలేదు. ఇంకా ఏడు వారాలు. ఆమె పోతే కిటికీ మూసేదెవరు? పాత్ర తీసేదెవరు? గదిలో గోడలు నాలుగూ ఒక్కసారిగా మంచం దగ్గరకు జరిగినట్టనిపించింది. మెట్ల మీద ఆమె అడుగులు వినిపించాయి. అతని ఎడమ బొటనవేలు తెర మీద కదిలింది. వచ్చిన కాల్స్ వరసలో సెల్వి పేరు మీద నొక్కి పట్టుకొన్నాడు. తీసేయాలా అని ఫోను అడిగింది. తీసేయమన్నాడు.

గురువమ్మాళ్ బియ్యం సంచి గుమ్మంలో దించి రొప్పుతూ నిలబడింది. "ఎవరన్నా పిలిచినారా?"

"లేదక్కా."

రేపు చెబుదామనుకున్నాడు. మర్నాడు కట్లు మార్చే కాంపౌండర్ వచ్చాడు, నొప్పితో రోజంతా పోయింది. శుక్రవారం ఆమె దగ్గుతూ ఉంది, చెప్పలేదు. శనివారం మధ్యాహ్నం ఆమె ఆట ముందు కూర్చుని ఎందుకో అడిగింది. "ఒరే, పంతొమ్మిది ఆడినావు కదా. అన్నిట్లో మంచిది ఏది?"

మరో రోజైతే గంట చెప్పేవాడు. ఆ రోజు "మన చేతిలోది మన చేతిలోనే ఉండేది" అని మాత్రం అన్నాడు.

"ఇట్లాంటిది" అని ఆమె తెర వైపు చూసింది.

నాలుగైంది. ఐదైంది. మిల్లు షిఫ్టు సైరన్ మోగింది. శనివారం అయిపోయింది.

తరువాతి బుధవారం సెల్వి స్వయంగా వచ్చింది. కవరు నిండా బత్తాయిలు తెచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే ముక్కాలిపీట మీద కూలబడి గురువమ్మాళ్ మీద పడింది.

"ఏమి గురువమ్మా, నువ్వే అడిగి, నువ్వే గమ్మునుంటే ఎట్ల? వద్దంటే వద్దని ఒక మాట చెప్పగూడదా? సోమవారం వేరే ఆమెను పెట్టేసినాను. నీ కోసం శనివారం దాకా చూసినాను, తెలుసా?"

గురువమ్మాళ్ చేతిలో బత్తాయి ఉంది. దాన్ని వలవడానికి బొటనవేలు తొక్కలో గుచ్చి ఉంది. అక్కడే ఆగిపోయింది.

"తమ్ముని దగ్గర చెప్పి పెట్టినాను కదా, బుధవారం" అంది సెల్వి.

గురువమ్మాళ్ అతని వైపు చూసింది. ఎంతోసేపు కాదు. కోదండరామకు లేచి మెట్లు దిగి రోడ్డు మీద పడి పరుగెత్తాలనిపించింది. కాలు ఇనుములో ఉంది. కళ్లు మూసుకుందామన్నా మూతపడలేదు.

"చెప్పినాడు" అంది గురువమ్మాళ్. "నేనే మరిచిపోయినాను సెల్వీ. ఈ కట్లు, మందులు. తల నిలవదు."

సెల్వి వెళ్లాక ఆమె బత్తాయి వలిచి, గింజలు తీసి, తొనలు పళ్లెంలో పెట్టి అతని ఎడమ చేతికి అందేలా ఉంచింది. పాలు కాగబెట్టడానికి వెళ్లిపోయింది.

ఆ తరువాత ఆమె దేనికీ లోటు చేయలేదు. వేళకు అన్నం, వేళకు మందు. ఒళ్లు తుడిచింది, దుప్పటి మార్చింది. మాట మాత్రం అక్కరకు మించి రాలేదు. రెండు గంటలకు ముక్కాలిపీట దగ్గరకు రాలేదు. వంటింట్లోనే చాప పరుచుకొని పడుకునేది. ల్యాపుటాపు మూత మీద నూలు దుమ్ము పట్టింది. ఎవరైనా తిడితే ఎదురు తిట్టొచ్చు, కనీసం ఏడవచ్చు. ఆమె అదీ చేయలేదు. ఆమె అడుగుల చప్పుడు వింటే భయం, వినబడకపోతే ఇంకా భయం.

నాలుగో రోజు ఆమె కాలి కమ్మీల చుట్టూ దూదితో తుడుస్తుంటే అతను ఉండబట్టలేకపోయాడు.

"అక్కా, తప్పు చేసినాను. భయమేసింది. నువ్వు పోతే నేనేమి కావాలని."

ఆమె దూది మార్చింది. "నేను పోయి ఉంటానని నీకెట్ల తెలుసు?"

అతను గోడ వైపు చూశాడు.

"వాడు కాలు నేల మీద పెట్టేదాకా ఆగు సెల్వీ అని అడిగి ఉందునేమో. లేకుంటే మర్నాడే సంచి ఎత్తుకొని పోయి ఉందునేమో. నాకూ తెలియదురా. తెలుసుకొనేదానికి నాకు ఒక దినం కూడా ఇయ్యలేదు నువ్వు." ఆమె గొంతు పెరగలేదు. "అమ్మ దగ్గర ఉండమని ఎవరూ నన్ను అడగలేదు. చోళపురంలో ఆయన ఇంకొకదాన్ని తెచ్చుకొనేటప్పుడు నన్ను అడగలేదు. నీ ఆటలో పడవవాని దగ్గర మూడు మాటలు పెట్టి ఏది కావాల అని అడిగితే, నాకు ఒళ్లు జల్లుమనింది. దానికే వచ్చి కూర్చుంటిని. నువ్వు పెద్ద పండితుని మాదిరి అది మంచి ఆట, ఇది చెడ్డ ఆట అంటావు."

దూది చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కుంది.

ఆ సాయంత్రం కోదండరామ సెల్వికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల ఆమె నోటికొచ్చినట్టు తిట్టింది. అతను చెవి దగ్గర నుంచి ఫోను తీయకుండా అన్నీ విన్నాడు. కొత్తగా చేరినామెకు ఇద్దరు బిడ్డలున్నారు, తీసేయడం కుదరదు అంది సెల్వి. "ఇప్పుడు పోన్ చేసి ఏమి లాభంరా? అప్పుడు కదా చెయ్యాల్సింది" అని పెట్టేసింది.

వారం తిరక్కముందే గురువమ్మాళ్ తానుగా మాట కలుపుకొంది. అన్నం పళ్లెం అతని ముందు పెట్టి నిలబడి చెప్పింది.

"సోమవారం నుంచి నేను తళవాయిపురం పోతా ఉండాను. సెల్వి దగ్గరే. దారాలు కత్తిరించి, ఇస్త్రీ చేసి, మడిచి పెట్టే వేలై. చిన్నదే. ఎనిమిది గంటల బస్సుకు పోయి నాలుగింటికంతా వచ్చేస్తాను."

అడగలేదు, చెప్పింది. కాలు బాగయ్యేదాకా ఆగకూడదా అన్న మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. అన్నంతో పాటు దాన్ని మింగేశాడు.

సోమవారం ఆమె ఎడమ వైపు ముక్కాలిపీట మీద నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, మందులు, ఫోను వరసగా పెట్టింది. మంచం కింద పాత్ర చేతికందేలా జరిపింది. కింద ప్యాకింగ్ వాళ్లకు చెప్పి, కోతులు రాకుండా బయట గడియ పెట్టి వెళ్లింది. ఆ గడియ చప్పుడు కోదండరామ అంతకుముందు ఎన్నో వందలసార్లు విని ఉంటాడు, లోపల ఉండి వినడం ఇదే మొదలు. ఎనిమిది గంటలు ఎంత పొడవో అతనికి అప్పుడు అర్థమైంది. మధ్యాహ్నం రవిచంద్రన్ క్యాంటీను విరామంలో పరుగున వచ్చి పాత్ర ఖాళీ చేసి పోయేవాడు. మిగతా పొద్దంతా గోడ, గాలి, జానెడు కొండ. ఆట తెరవలేదు. అందులో సగం దాకా కట్టిన పడవ అక్కది. దాని మీద చేయి వేసే హక్కు తనది కాదని అతనికి తోచింది.

ఆమె పనికి పోవడం మొదలైన మూడో వారంలో ఒకరోజు నాలుగైనా ఆమె రాలేదు. ఐదైంది. కింద ప్యాకింగ్ వాళ్లు షట్టరు దించి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. ఫోను చేస్తే కలవలేదు. నీళ్ల సీసా ఖాళీ. పాత్ర నిండింది. వాన మొదలై కిటికీలోంచి జల్లు పడి దుప్పటి తడిసింది. "అక్కా!" అని ఒకసారి అరిచాడు, ఎవరికీ వినబడదని తెలిసీ. ఆమె బస్సు తప్పిందో, ఇక రాకూడదనే అనుకుందో. పదకొండేళ్లలో ఆమె ఎప్పుడైనా వెళ్లిపోతుందని తను ఒక్కసారైనా అనుకున్నాడా? లేదు. ఒక్కసారీ లేదు. తడి దుప్పటిని ఎడమ చేత్తో లాగి, కాలి కమ్మీల మీద జల్లు పడకుండా కప్పుకొని, తిట్టాల్సిన మాటలన్నీ మనసులో పేర్చుకుంటూ కూర్చున్నాడు.

ఆరున్నరకు గడియ తీసిన చప్పుడైంది. గురువమ్మాళ్ తడిసి ముద్దైపోయి లోపలికి వచ్చింది. జుట్టుకు రంగురంగుల దారప్పోగులు అంటుకొని ఉన్నాయి.

"బస్సు దోవలో నిలిచిపోయింది. సగం దూరం నడిచి షేర్ ఆటో పట్టినాను. పోన్‌లో చార్జ్ లేదు" అంది. అని, తిట్టుకు సిద్ధమైన మనిషిలా నిలబడింది.

పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ అతని నోటికి రాలేదు.

"తిన్నావా అక్కా?"

"లేదు. మధ్యానం వేలై ఎక్కువ."

"ముందు నువ్వు తిను. నా పని తరువాత చూస్తువు."

ఆమె అతని మొహంలోకి చూసింది, ఇందులో ఏమైనా మెలిక ఉందా అన్నట్టు. తడి చీర మార్చుకొని వచ్చింది. కిటికీ మూసింది. వంటింట్లోంచి పొద్దున మిగిలిన అన్నం, పులుసు తెచ్చుకొని, వంటింట్లో కాకుండా అతని మంచం ఎదురుగానే గోడకు ఆనుకొని కూర్చుంది. కాళ్లు రెండూ చాపుకొంది. తొందర లేకుండా ముద్ద కలుపుకొని తినడం మొదలుపెట్టింది. తడి దుప్పటి కింద అతనికి చలి వేస్తోంది. దాహంగా ఉంది. ఆమె తినడం అయ్యేదాకా అతను అలాగే ఉండిపోయాడు.